ప్రొప్రనోలాల్: ఒకే బిళ్ళ, వేర్వేరు రోగులు. ఎవరికి ఎంత, దేన్ని చూసి ఇవ్వాలి, ఎవరికి వద్దు?

ఏలూరు_మందులకొట్టు

అందరికీ నమస్కారం. ప్రొప్రనోలాల్ మీద కాస్త వివరంగా చర్చ కావాలి. కౌంటర్ మీదికి వచ్చే చీటీల్లో ఈ మందు కేవలం బీపీ కోసం రాసినవి ఇప్పుడు తక్కువే. లివర్ చెడినవాళ్ళకి, మైగ్రేన్‌కి, థైరాయిడ్‌కి, చేతులు వణికేవాళ్ళకి, ఆఖరికి నెలల పిల్లలకి కూడా రాస్తున్నారు. రోగి ఇంటికెళ్ళి ఫోన్‌లో వెతికి "ఇది బీపీ మాత్రట, నాకు బీపీ లేదుగా" అని మానేస్తాడు. ఇంకోవైపు, బీపీ 104 ఉందని చూసి షాపులో కుర్రాడే "వేసుకోవద్దండీ" అంటాడు. రెండూ ప్రమాదమే.

ఏ జబ్బులో ఎంతతో మొదలుపెడతారు, దేన్ని చూసి పెంచుతారు, దేన్ని చూసి ఆపుతారు అన్నది ఆయా విభాగాల వాళ్ళు రాస్తే మాలాంటి వాళ్ళకి చీటీ అర్థమవుతుంది. సొంత వైద్యం కోసం అడగడం లేదు.

మందులశాస్త్రం_కాకినాడ

మంచి అంశం ఎత్తారు. ముందు మందు ఏం చేస్తుందో చెప్పుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అడ్రినలిన్ వచ్చి అతుక్కుని పనిచేసే చోట్లని గ్రాహకాలు అంటాం. వాటిలో బీటా రకంలో మనకి రెండు ముఖ్యం. బీటా-1 ప్రధానంగా గుండెలో ఉంటుంది. బీటా-2 ఊపిరితిత్తుల గొట్టాల్లో, రక్తనాళాల్లో, కండరాల్లో, లివర్‌లో ఉంటుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ ఎక్కువగా మొదటిదాన్నే అడ్డుకుంటాయి. ప్రొప్రనోలాల్ రెండింటినీ అడ్డుకుంటుంది. పైగా కొవ్వులో కరుగుతుంది కాబట్టి మెదడులోకి సులువుగా చేరుతుంది. దీనికి ఇన్ని ఉపయోగాలు, ఇన్ని ప్రమాదాలు రావడానికి మూలం ఇదే. 1960ల్లో బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ బృందం దీన్ని గుండెనొప్పి కోసం తయారుచేసింది. ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది.

ఇంకో సంగతి. మింగిన మందులో సుమారు పాతిక శాతమే రక్తంలోకి చేరుతుంది, మిగతాది లివర్ మొదటిసారే విరిచేస్తుంది. లివర్ పాడైతే ఆ వడపోత తగ్గి, అదే 40 మి.గ్రా. బిళ్ళ చాలా రెట్లు గట్టిగా పనిచేస్తుంది. పొగతాగేవాళ్ళలో మందు త్వరగా విరిగిపోతుంది. సిమెటిడిన్, ఫ్లువోక్సమిన్ లాంటివి కలిస్తే రక్తంలో దీని మోతాదు పెరుగుతుంది. రక్తంలో సగం మందు మూడు నుంచి ఆరు గంటల్లో ఖాళీ అవుతుంది కాబట్టి మామూలు బిళ్ళ రోజుకు రెండు మూడు సార్లు పడాలి. అన్నంతో వేసుకుంటే కొంచెం ఎక్కువ ఒంటబడుతుంది. అందుకే రోజూ ఒకే పద్ధతి పాటించమనండి, ఒకరోజు పరగడుపున ఒకరోజు భోజనం తర్వాత వద్దు.

బీపీ విషయం క్లుప్తంగా. వేరే కారణం లేని మామూలు బీపీకి బీటా బ్లాకర్లు (బీటా గ్రాహకాల్ని అడ్డుకునే ఈ గుంపు మందులు) ఇప్పుడు మొదటి వరుస మందులు కావు. ముఖ్యంగా పెద్దవాళ్ళలో పక్షవాతం రాకుండా కాపాడటంలో మిగతా మందులకన్నా వెనకబడ్డాయని తేలాక, 2006లో బ్రిటన్ మార్గదర్శకాలు వీటిని మొదటి వరుసనుంచి తప్పించాయి. గుండెనొప్పి, గుండెదడ లాంటివి కూడా ఉన్నవాళ్ళ సంగతి వేరు.

డా_కాలేయం_హైదరాబాద్

సిర్రోసిస్ గురించి నేను రాస్తాను. ఇక్కడ రోగి తనంతట తాను మందు మానేస్తే రక్తపు వాంతి దాకా పోవచ్చు.

లివర్ గట్టిపడ్డాక పేగుల నుంచి వచ్చే రక్తం దానిలోంచి సాఫీగా పోలేదు. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, రక్తం పక్కదారులు పడుతుంది. అన్నవాహిక అడుగున ఉన్న సిరలు ఉబ్బుతాయి, గోడలు పలచబడతాయి, ఒకరోజు పగులుతాయి. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఈ ఒత్తిడి వేరు. ప్రొప్రనోలాల్ గుండె పంపే రక్తాన్ని తగ్గిస్తుంది, అది బీటా-1 పని. పేగుల వైపు రక్తనాళాలు ముడుచుకునేలా చేస్తుంది, అది బీటా-2 పని. రెండో పని చేయని అటెనొలాల్, మెటోప్రొలాల్ ఇక్కడ పనికిరావు. "స్టాక్ లేదు, ఇదీ అదే గుంపు మందే" అని మార్చి ఇవ్వడం ఎక్కడైనా ఉంటే దయచేసి మానండి.

మొదలు 20 నుంచి 40 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. రెండు మూడు రోజులకోసారి మార్చుకుంటూ, విశ్రాంతిగా ఉన్నప్పటి నాడి నిమిషానికి 55–60 మధ్యకి తెస్తాం. పై బీపీ 90కి దిగకూడదు. పొట్టలో నీరు లేనివాళ్ళలో రోజు మొత్తం 320 మి.గ్రా. వరకు పోవచ్చు. నీరు ఉన్నవాళ్ళలో 160 దాటం.

ఎప్పుడు తగ్గిస్తాం, ఆపుతాం? పై బీపీ 90 కన్నా పడిపోయినా, మూత్రం తగ్గి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరుగుతున్నా, పొట్టనీటికి ఇన్ఫెక్షన్ సోకి రోగి నీరసించిపోయినా. ఆ గండం గడిచాక బీపీ నిలబడితే మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలు. చాలామంది విషయంలో ఈ "మళ్ళీ మొదలు" మర్చిపోతారు. డిశ్చార్జి కాగితంలో ఆపిన కారణం, మళ్ళీ ఎప్పుడు చూడాలో రాసి ఉండాలి.

రక్తం పడుతున్న సమయంలో ఇది మొదలుపెట్టం. అప్పుడు టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్, ఎండోస్కోపీలో బ్యాండ్లు. ఆ ఇంజెక్షన్లు ఆపాక ప్రొప్రనోలాల్ వస్తుంది. "బ్యాండ్లు వేశారుగా, ఇంకా బిళ్ళ ఎందుకు" అని అడుగుతారు. బ్యాండు ఉబ్బిన సిరని కట్టేస్తుంది, వెనక ఉన్న ఒత్తిడి అలాగే ఉంటుంది. మళ్ళీ పగలకుండా చూడాలంటే రెండూ కావాలి.

ఈమధ్య చీటీల్లో దీని బదులు కార్వెడిలాల్ ఎక్కువ కనబడుతుంది. 6.25 మి.గ్రా.తో మొదలుపెట్టి 12.5కి తెస్తాం. పోర్టల్ ఒత్తిడి మీద నిపుణులు జరిపే బవేనో-7 సమావేశం, లివర్ ఇంకా తన పని చేసుకుపోతున్న సిర్రోసిస్ దశలో దానికే మొగ్గు చూపింది. అది ఆల్ఫా గ్రాహకాల్ని కూడా అడ్డుకుంటుంది కాబట్టి బీపీ కొంచెం ఎక్కువ పడుతుంది. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ ఇవ్వం. ఒకే రోగి చేతిలో ఇద్దరు డాక్టర్ల చీటీల్లో రెండూ కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి.

ఏలూరు_మందులకొట్టు

డాక్టర్ గారూ, ఇది చాలా పనికొచ్చింది. నాడి 56 ఉందని భయపడి వచ్చేవాళ్ళకి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలం. ఇంట్లో నాడి ఎలా లెక్కపెట్టమనాలి? వాచీ మెషిన్ల మీద నమ్మకం పెట్టుకోవచ్చా?

ఐసీయూ_నర్సు_డల్లాస్

మెషిన్ కన్నా వేళ్ళు మేలు. నాడి లయ తప్పుతున్నవాళ్ళలో చేతి మెషిన్లు తప్పు అంకె చూపిస్తాయి.

మందు వేసుకునే ముందు, ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చున్నాక చూడాలి. అరచేయి పైకి పెట్టి, బొటనవేలి మొదట్లో ఉన్న ఎముక పక్కన చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దాని సొంత కొట్టుకోవడం తగిలి లెక్క తప్పుతుంది. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. లయ తప్పుతున్నట్టు అనిపిస్తే నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. తేదీ, పూట, అంకె ఒక కాగితం మీద రాయాలి.

50కి దిగితే ఆ పూట బిళ్ళ వేసే ముందు డాక్టర్‌కి ఫోన్. అంకె ఎంత ఉన్నా సరే, కళ్ళు తిరిగి పడిపోతున్నా, ఆయాసం వస్తున్నా ఆసుపత్రికే.

నరాల_వైద్యం_వరంగల్

మైగ్రేన్, వణుకు రెండూ నావి.

మైగ్రేన్‌లో ఇది నొప్పి వచ్చినప్పుడు వేసుకునే బిళ్ళ కాదు, రాకుండా చూసే బిళ్ళ. ఈ ఒక్క మాట కౌంటర్ దగ్గర చెప్తే సగం గందరగోళం పోతుంది. నొప్పి వచ్చిన రోజు ఒకటి వేసుకుని "పనిచేయలేదు" అని పారేస్తారు. 20 మి.గ్రా. రెండుసార్లతో మొదలుపెట్టి, వారానికోసారి పెంచి రోజుకు 80 నుంచి 160 మి.గ్రా. మధ్య నిలబెడతాం. సరైన మోతాదులో రెండు మూడు నెలలు వాడాకే ఫలితం మీద మాట చెప్పగలం. నెలలో ఎన్ని రోజులు నొప్పి వచ్చిందో క్యాలెండర్‌లో గీత పెట్టమంటాం. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టే. ఆరు నెలల నుంచి ఏడాది వాడి, మెల్లగా తగ్గించి చూస్తాం.

రెండు జాగ్రత్తలు. నొప్పికి రిజాట్రిప్టాన్ వాడేవాళ్ళలో ప్రొప్రనోలాల్ దాని మోతాదును రక్తంలో సుమారు 70 శాతం పెంచుతుంది. అందుకే అలాంటివాళ్ళకి 10 మి.గ్రా. కాకుండా 5 మి.గ్రా. బిళ్ళే. సుమాట్రిప్టాన్‌తో ఈ ఇబ్బంది లేదు. రెండోది, మన దగ్గర ప్రొప్రనోలాల్, ఫ్లునారిజిన్ కలిపిన క్యాప్సూల్స్ విరివిగా అమ్ముడుపోతాయి. ఫ్లునారిజిన్‌తో నిద్రమత్తు, బరువు పెరగడం, దిగులు, పెద్దవాళ్ళలో పార్కిన్సన్ లాంటి బిగుతు రావచ్చు. రోగి ఆ ఇబ్బందులు చెబితే ప్రొప్రనోలాల్‌ని నిందించి రెండూ ఒక్కసారే ఆపేయకూడదు. పైగా కాంబినేషన్ క్యాప్సూల్ మీద విడిగా ప్రొప్రనోలాల్ బిళ్ళ కూడా నడుస్తోందేమో చూడండి, రెండు చోట్ల రాయడం వల్ల మోతాదు తెలియకుండా రెట్టింపయిపోతుంది.

వణుకు: గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టినప్పుడు వచ్చే వంశపారంపర్య వణుకుకి ఇది బాగా పనిచేస్తుంది. కండరాల్లోని బీటా-2ని అడ్డుకోవడమే దీని పని. రోజుకు 60 నుంచి మొదలు, కొందరికి 320 దాకా కావాలి. వణుకు పూర్తిగా పోదు, తగ్గుతుంది. తల వణుకుకి చేతి వణుకుకన్నా తక్కువ ఫలితం. చేయి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వణికే పార్కిన్సన్ వణుకుకి ఇది మందు కాదు. డెబ్భై దాటినవాళ్ళకి 10 మి.గ్రా.తో మొదలుపెట్టడం మేలు, లేచి నిలబడగానే తూలి పడే ప్రమాదం ఉంటుంది.

మానసిక వైద్యులు రాసే చీటీల్లో కూడా కనిపిస్తుంది. కొన్ని మతిస్థిమితం మందులు వాడేవాళ్ళకి ఒక చోట కూర్చోలేని అస్థిమితం వస్తుంది. దానికి 10–20 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఇస్తారు.

పోటీపరీక్షల_మిత్రుడు

అడగొచ్చో లేదో గానీ, ఇంటర్వ్యూ ముందు గుండెదడ తగ్గడానికి 20 మి.గ్రా. వేసుకోమని మా హాస్టల్‌లో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నిజంగా పనిచేస్తుందా?

మందులశాస్త్రం_కాకినాడ

అడగడమే మంచిది తమ్ముడూ. పనిచేస్తుంది. గుండెదడని, చేతివణుకుని, గొంతు వణకడాన్ని తగ్గిస్తుంది. లోపలి ఆందోళనని, చదవని పాఠాన్ని తగ్గించదు. డాక్టర్లు 10 నుంచి 40 మి.గ్రా. ముప్ఫై నిమిషాల నుంచి గంట ముందు ఇస్తారు, అదీ అసలు రోజుకి ముందే ఒక మామూలు రోజున ఇంట్లో వేసి చూశాక. మొదటిసారి ఇంటర్వ్యూ రోజునే వేసుకుని, పొద్దుటి నుంచి ఏమీ తినక, కళ్ళు తిరిగితే ఆ కుర్చీలో ఎవరూ ఆదుకోలేరు.

చిన్నప్పుడు ఉబ్బసం ఉండి "తగ్గిపోయింది" అనుకునేవాళ్ళకి ఒక్క బిళ్ళతో ఊపిరి బిగుసుకుపోవచ్చు. ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, స్నేహితుడి దగ్గర తీసుకోకూడదు. చేతి వణుకు తగ్గిస్తుంది కాబట్టే విలువిద్య, షూటింగ్ క్రీడల్లో బీటా బ్లాకర్లు నిషేధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ప్రొప్రనోలాల్‌తోనే పట్టుబడి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు.

పసిబిడ్డల_చర్మవైద్యం

నేను పసిపిల్లల సంగతి రాస్తాను. తల్లిదండ్రులు ఎక్కువ భయపడేది ఇక్కడే, అది సహజం కూడా.

పుట్టిన కొన్ని వారాల్లో ఎర్రగా మొదలై ఉబ్బుతూ పెరిగే రక్తనాళాల గడ్డని హెమాంజియోమా అంటాం. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో క్రిస్టీన్ లియోటే లాబ్రేజ్ బృందం, గుండె జబ్బు కోసం ప్రొప్రనోలాల్ ఇచ్చిన ఒక బిడ్డకి ముక్కు మీది గడ్డ మెత్తబడి రంగు మారడం గమనించింది. అంతకుముందు నెలల తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్ళు. 2014లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది.

ముందుగా, చాలా గడ్డలకి ఏ మందూ అక్కర్లేదు. ఏడాది లోపు పెరిగి, తర్వాత ఏళ్ళ మీద వాటంతట అవే తగ్గుతాయి. కంటికి అడ్డం వచ్చేవి, ముక్కు, పెదవి మీదివి, పుండు పడేవి, శ్వాసదారి దగ్గరివి మాత్రం ఆగకుండా వైద్యం చేయాలి. చిన్నగా, పైపైన ఉన్నవాటికి టిమొలాల్ 0.5 శాతం చుక్కలు పైన రాస్తే చాలు. పుట్టుకతోనే చదునుగా ఉండి బిడ్డతో పాటే పెరిగే ముదురు ఎరుపు మచ్చ వేరే జబ్బు, దానికి ప్రొప్రనోలాల్ పనిచేయదు.

మొదలుపెట్టే ముందు గుండె చప్పుడు వింటాం, నాడి, బీపీ చూస్తాం. ముఖంలో ఒక భాగాన్నంతా ఆక్రమించిన పెద్ద గడ్డ ఉంటే మెదడు, గుండె రక్తనాళాలు కూడా చూడాలి. వాటిలో సన్నబడ్డ నాళాలు ఉంటే బీపీ పడటం ప్రమాదం. మొదటి మోతాదు తర్వాత, పెంచిన ప్రతిసారీ, రెండు గంటలపాటు నాడి, బీపీ కనిపెట్టి ఉంటాం. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, ఐదు వారాల లోపు వాళ్ళు అయితే ఆసుపత్రిలో ఉంచే మొదలుపెడతాం.

మోతాదు బరువుని బట్టి. రోజుకు కిలోకి 1 మి.గ్రా.తో మొదలై, రెండుగా విడగొట్టి, కనీసం తొమ్మిది గంటల ఎడంతో ఇస్తాం. రెండు మూడు వారాల్లో కిలోకి 2 నుంచి 3 మి.గ్రా.కి తెస్తాం. ద్రావణం దొరకని చోట బిళ్ళ నూరి కలుపుతారు. 6 కిలోల బిడ్డకి మొదటి వారం రోజుకు 6 మి.గ్రా., అంటే పూటకి 3 మి.గ్రా. ఒక 10 మి.గ్రా. బిళ్ళని మెత్తగా పొడి చేసి, సరిగ్గా 10 మి.లీ. నీటిలో కలిపి, బాగా కదిపి, సిరంజితో 3 మి.లీ. తీయాలి. మిగిలింది పారబోయాలి, రాత్రికి దాచకూడదు, పొడి అడుగున చేరి రెండో పూట మోతాదు ఎటైనా తప్పుతుంది. చెంచాతో కొలవకూడదు. మొదటి మోతాదు తల్లి చేత మా ఎదుటే కలిపించి, సిరంజిలో గీత ఎక్కడికి రావాలో పెన్నుతో గుర్తుపెట్టి ఇస్తాం. సిరంజికి సూది లేకుండా ఇవ్వడం షాపు వాళ్ళ బాధ్యత.

ఇప్పుడు అసలు ప్రమాదం. బిడ్డ ఎక్కువసేపు పాలు తాగకుండా ఉంటే చక్కెర పడిపోతుంది. ప్రొప్రనోలాల్ లివర్‌లో నిలవున్న చక్కెర బయటికి రాకుండా అడ్డుకుంటుంది, పైగా గుండెదడ లాంటి హెచ్చరికల్ని కూడా కప్పేస్తుంది. అందుకే మందు పాలు తాగుతున్నప్పుడో, తాగిన వెంటనేనో ఇవ్వాలి. ఆరు వారాల లోపు అయితే నాలుగు గంటలకోసారి, నాలుగు నెలల వరకు ఐదు గంటలకోసారి, ఆ పైన ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారైనా పాలు పడాలి. వాంతులు, విరేచనాలు పట్టినా, పాలు మానేసినా, పిల్లికూతలతో దగ్గు వచ్చినా ఆ పూట మందు ఇవ్వకుండా మాకు ఫోన్ చేయాలి. ఇచ్చాక కక్కేస్తే మళ్ళీ ఇవ్వకూడదు, ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు. ఒళ్ళు చల్లబడి చెమట పట్టి, మగతగా ఉంటే చక్కెర పడినట్టే అనుకుని, మింగగలిగితే వెంటనే పాలో గ్లూకోజో పట్టించి ఆసుపత్రికి పరుగెత్తాలి.

సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడతాం. త్వరగా ఆపితే కొందరిలో గడ్డ మళ్ళీ పెరుగుతుంది.

ఐసీయూ_నర్సు_డల్లాస్

మేడమ్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. అమెరికాలో దొరికే రెడీ సీసాలో ప్రతి మి.లీ.కి 4.28 మి.గ్రా. మందు, హైడ్రోక్లోరైడ్ రూపంలో, ఉంటుంది. ఇక్కడి నుంచి సీసా తీసుకుని ఇండియా వచ్చిన తల్లిదండ్రులు, అక్కడ అది అయిపోయాక కలిపిన ద్రావణాన్ని పాత సిరంజి గీత వరకే తీస్తే మోతాదు నాలుగో వంతుకి పడిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఉల్టా జరిగితే నాలుగు రెట్లు పడుతుంది. మి.లీ. కాదు, మి.గ్రా. అడగండి.

థైరాయిడ్_విజయవాడ

థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళలో ప్రొప్రనోలాల్ జబ్బుని నయం చేయదు, కార్బిమజోల్ పనిచేసేదాకా గుండెదడ, వణుకు, చెమట, ఆందోళనని అదుపులో ఉంచుతుంది. కార్బిమజోల్‌తో హార్మోన్ దిగడానికి వారాలు పడుతుంది, ప్రొప్రనోలాల్ గంటల్లో ఉపశమనం ఇస్తుంది. 10 నుంచి 40 మి.గ్రా., రోజుకు మూడు నాలుగు సార్లు. ఎక్కువ మోతాదులో టీ4 హార్మోన్ టీ3గా మారడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది.

ఇక్కడో సూక్ష్మం ఉంది. థైరాయిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు శరీరం మందుని వేగంగా విరిచేస్తుంది, అందుకే ఎక్కువ మోతాదు పడుతుంది. హార్మోన్ మామూలు స్థాయికి వచ్చే కొద్దీ విరిచే వేగం తగ్గి, అదే మోతాదు ఎక్కువై కూర్చుంటుంది. రెండో నెలలో "నీరసం, మెట్లెక్కలేకపోతున్నా" అని వచ్చేవాళ్ళకి నాడి చూస్తే 50 దగ్గర ఉంటుంది. అది థైరాయిడ్ తగ్గడం కాదు, ప్రొప్రనోలాల్ తగ్గించే సమయం వచ్చిందని అర్థం. రిపీట్ చీటీ మీద నెలల తరబడి ఇదే మోతాదు ఇస్తూ పోకండి, ఇటీవలి రిపోర్టు అడగండి.

జ్వరం, మతి తప్పడం, నాడి 140 దాటడంతో వచ్చే థైరాయిడ్ తుఫానులో 60–80 మి.గ్రా. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ఇస్తాం, అది ఐసీయూలో చేసే పని. గుండె పంపింగ్ బలహీనంగా ఉంటే అక్కడా ఆచితూచే. ఉబ్బసం ఉన్నవాళ్ళకి డిల్టియాజెమ్ వైపు చూస్తాం.

ఇంకొకటి. అడ్రినల్ గ్రంథి గడ్డ, ఫియోక్రోమోసైటోమా అనుమానం ఉంటే ముందు ఆల్ఫా బ్లాకర్ పడి, తర్వాతే బీటా బ్లాకర్ రావాలి. ఈ వరుస తప్పితే బీపీ విపరీతంగా ఎగబాకుతుంది.

ప్రసూతి_తిరుపతి

గర్భిణుల బీపీకి మేము లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వాడతాం. ప్రొప్రనోలాల్ బీపీకి మొదటి ఎంపిక కాదు, ఎక్కువ కాలం వాడితే బిడ్డ ఎదుగుదల తగ్గవచ్చు. థైరాయిడ్ ఉధృతిలోనో, గుండె లయ తప్పినప్పుడో అవసరమైతే తక్కువ మోతాదు, తక్కువ రోజులు. ప్రసవం దాకా వాడిన తల్లి బిడ్డకి మొదటి ఒకటి రెండు రోజులు నాడి, రక్తంలో చక్కెర చూడాలి. పాల ద్వారా చేరేది చాలా తక్కువ, పాలిచ్చే తల్లికి మామూలుగా అడ్డు చెప్పం.

మైగ్రేన్‌కి వాడుతూ గర్భం దాల్చినవాళ్ళు తెలిసిన రోజే ఠక్కున మానేయకుండా మా దగ్గరికి రావాలి.

ఏలూరు_మందులకొట్టు

ఇంకో మూడు సందేహాలు. ఒకటి, షుగర్ ఉన్నవాళ్ళు. రెండు, ఇన్‌హేలర్ వాడేవాళ్ళకి ఈ చీటీ వస్తే ఏం చేయాలి? మూడు, "ఠక్కున మానొద్దు" అని అందరూ అంటున్నారు, ఎందుకు?

మందులశాస్త్రం_కాకినాడ

షుగర్: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్ళకి చక్కెర పడిపోయినప్పుడు గుండెదడ, వణుకు హెచ్చరికలుగా వస్తాయి. ప్రొప్రనోలాల్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. చెమట మాత్రం కప్పబడదు. అందుకే అలాంటివాళ్ళకి "కారణం లేకుండా చెమట పడితే ముందు చక్కెర చూసుకోండి" అని చెప్పండి. పడిన చక్కెర తిరిగి లేవడం కూడా ఆలస్యమవుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ భయం చాలా తక్కువ.

ఉబ్బసం: ఇవ్వకండి, రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఊపిరి గొట్టాలు తెరుచుకునేలా చేసే బీటా-2ని ఇది మూసేస్తుంది, పైగా వాళ్ళు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ని కూడా పనిచేయనివ్వదు. నాడి ఇప్పటికే 50 లోపు ఉన్నవాళ్ళకి, పేస్‌మేకర్ లేకుండా గుండెలో రెండో, మూడో డిగ్రీ బ్లాక్ ఉన్నవాళ్ళకి కూడా వద్దు. గుండె వేగాన్ని తగ్గించే మరో మందు వెరాపమిల్‌తో కలిస్తే గుండె ఆగిపోయేంత నెమ్మదించవచ్చు.

ఠక్కున ఆపడం: మందు అడ్డుపడి ఉన్నన్నాళ్ళు శరీరం బీటా గ్రాహకాల సంఖ్య పెంచుకుంటుంది. ఒక్కసారి మందు తీసేస్తే అడ్రినలిన్ వాటన్నిటి మీదా ఒకేసారి పడుతుంది. దాంతో గుండెదడ, బీపీ ఎగబాకడం, గుండెజబ్బు ఉన్నవాళ్ళలో గుండెనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. వారం రెండు వారాల మీద మెట్టుమెట్టుగా దించాలి. 80 రెండుసార్లు వాడేవాళ్ళని 40 రెండుసార్లకి, తర్వాత 20 రెండుసార్లకి, ఆపైన ఆపడం. వేగం డాక్టర్ నిర్ణయిస్తారు. ఆ రోజుల్లో బరువు పనులు, కొండమెట్లు వద్దు. ఆపరేషన్ ఉందని ఇంటి దగ్గర సొంతంగా ఆపేసి రావడం కూడా ఇదే తప్పు. మత్తు డాక్టర్‌కి వాడుతున్నట్టు చెబితే చాలు.

అత్యవసరం_అనంతపురం

క్యాజువాల్టీ వైపు నుంచి రెండు విషయాలు.

పాము కాటుకి విరుగుడు ఇంజెక్షన్ ఎక్కిస్తున్నప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం వస్తే మా చేతిలో మొదటి ఆయుధం అడ్రినలిన్, 0.5 మి.గ్రా. తొడ కండరంలోకి. ప్రొప్రనోలాల్ వాడే మనిషిలో ఆ అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అయినా అడ్రినలిన్ ఇవ్వడం మానం. రెండు మోతాదులకీ లొంగకపోతే సెలైన్ వేగంగా ఎక్కించి, గ్లూకగాన్ 1 నుంచి 5 మి.గ్రా. సిరలోకి ఐదు నిమిషాల మీద ఇస్తాం. అది వాంతి తెప్పిస్తుంది, రోగిని పక్కకి తిప్పి ఉంచాలి. అందుకే కాటుతో వచ్చిన ప్రతి మనిషినీ, తెచ్చినవాళ్ళనీ "రోజూ వేసుకునే బిళ్ళలేమిటి" అని అడగాలి. రోగి జేబులో మందుల పేర్ల కాగితం ఉంటే విలువైన నిమిషాలు మిగులుతాయి.

రెండోది, మోతాదు మించి మింగినవాళ్ళు. ఇది మిగతా బీటా బ్లాకర్లకన్నా ప్రమాదకరం, ఎందుకంటే గుండెలో సోడియం దారుల్ని కూడా మూస్తుంది, మెదడులోకి వెళ్ళి మూర్ఛ తెప్పిస్తుంది. బాగానే మాట్లాడుతున్న మనిషి గంటా రెండు గంటల్లో కూలిపోవచ్చు. వాంతి చేయించే ప్రయత్నం ఇంట్లో చేయకూడదు, 108కి ఫోన్ చేసి ఖాళీ షీట్లతో సహా తీసుకురావాలి. వైద్యులకి: ఈసీజీలో క్యూఆర్ఎస్ వెడల్పయితే సోడియం బైకార్బొనేట్ కిలోకి 1–2 మిల్లీ ఈక్వివలెంట్లు, బీపీ లేవకపోతే గ్లూకగాన్, ఎక్కువ మోతాదు ఇన్సులిన్‌ని గ్లూకోజ్‌తో కలిపి ఇవ్వడం. ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి పంపాలి.

బ్రిటన్‌లో 2020లో ఆరోగ్య భద్రతా దర్యాప్తు సంస్థ ప్రత్యేకంగా ఈ మందు మీదే హెచ్చరిక నివేదిక ఇచ్చింది. మైగ్రేన్, ఆందోళన ఉన్నవాళ్ళలో కొందరికి దిగులు కూడా ఉంటుంది, వాళ్ళ చేతికే ఈ బిళ్ళలు చేరుతున్నాయి అన్నది దాని సారం. షాపు వాళ్ళకి నా మనవి: దిగులుకి కూడా మందులు వాడుతున్న మనిషికి మూడు నెలల సరుకు ఒకేసారి కట్టివ్వకండి. రెండేసి వారాలకి ఇవ్వండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. అలాంటి ఆలోచనలు వస్తున్నాయని ఎవరైనా అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416కి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏలూరు_మందులకొట్టు

నోట్ చేసుకున్నాం సార్, కౌంటర్ దగ్గర కుర్రాళ్ళందరికీ చదివి వినిపిస్తాను. చివరిగా, రోజూ వచ్చే ప్రశ్న: ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి? ఎల్ఏ (మెల్లగా విడుదలయ్యే రకం) అని రాసి ఉన్న 40 స్టాక్ లేకపోతే మామూలు 40 ఇవ్వొచ్చా?

మందులశాస్త్రం_కాకినాడ

మామూలు బిళ్ళ అయితే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, తర్వాతి పూటకి నాలుగు గంటల లోపే ఉంటే వదిలేయాలి. రోజుకొక్కటే వేసుకునే ఎల్ఏ క్యాప్సూల్ అయితే ఎనిమిది గంటల లెక్క. రెండు కలిపి ఒకేసారి ఎప్పుడూ వద్దు. పసిపిల్లలకి తప్పిన పూట తప్పినట్టే, మళ్ళీ ఇవ్వకూడదు. రెండు మూడు రోజులు పూర్తిగా తప్పిపోతే పాత పెద్ద మోతాదు ఒక్కసారే వేసుకోకుండా డాక్టర్‌ని అడగాలి.

ఎల్ఏ బదులు మామూలు బిళ్ళ అదే లెక్కన ఇవ్వకండి. ఎల్ఏ రోజంతా మెల్లగా విడుదలవుతుంది. మామూలు 40 ఒకటి ఇస్తే కొన్ని గంటలు గట్టిగా పనిచేసి, రాత్రికి ఏమీ మిగలదు. మార్చాల్సి వస్తే డాక్టర్ పూటలుగా విడగొట్టి కొత్తగా రాయాలి. క్యాప్సూల్ విప్పి గుళికలు నూరడం, నమలడం కూడా వద్దు, రోజు మొత్తం మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.